ఎమ్మెమ్ 540 జీపుకి ఇంజన్ మార్పు: పగిలిన బ్లాక్ నుంచి సి-బుక్ దాకా

మా మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు మళ్లీ రోడ్డెక్కింది. వేరే ఇంజన్ వేశాం, సి-బుక్‌లో ఇంజన్ నంబరు కూడా మారింది. మా వైపు చాలామంది ముందు ఇంజన్ ఎక్కించేసి, కాగితాల సంగతి బండి అమ్మేటప్పుడు చూసుకుందాంలే అనుకుంటారు. పాత జీపుల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆ దారిలో వెళ్లొద్దని గట్టిగా చెప్పాలనిపించి ఇదంతా రాస్తున్నాను.

బండి 1994 మోడల్, ఏపీ 37 నంబరు. ఇంజన్ ప్యూజో ఎక్స్‌డీపీ 4.90, 2112 సీసీ డీజిల్. మా ఇంటికి రాకముందు మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద తిరిగింది. సముద్రం దగ్గర కాబట్టి అక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేశాక రేడియేటర్‌లోకి కూడా ఆ నీళ్లే పోసేవారు. అలా ఏళ్ల తరబడి పోస్తే ఇనుము లోపలి నుంచి తినేస్తుంది. మొదట రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది, కింద చూస్తే చుక్క కారడం లేదు. తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లపొగ. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది. హెడ్ విప్పితే గ్యాస్కెట్ బాగానే ఉంది. పగులు బ్లాక్‌లోనే, అంటే సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మెలోనే ఉంది. మూడో సిలిండర్ పక్కన వాటర్ జాకెట్‌లోకి, అంటే చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీలోకి దిగి ఉంది. లేత్ మేస్త్రి గారు వేలితో తడిమి చూసి, "దీనికి స్లీవ్ (సిలిండర్ లోపల వేసే ఇనుప గొట్టం) వేసినా పక్కనే మళ్లీ తింటదండి, డబ్బులు పోసుకోవద్దు" అన్నారు. నాకూ ఆ మాటే సబబుగా తోచింది.

ఏ ఇంజన్ వేయాలన్న దగ్గర తలా ఒక మాట చెప్పారు. ఎక్కువమంది సలహా మహీంద్రా 2523 సీసీ డీఐ ఇంజన్. స్పేర్లు ఊరూరా దొరుకుతాయి, లాగుడు కూడా బాగుంటుంది. కాదనను. కానీ అది వేస్తే సి-బుక్‌లో ఇంజన్ నంబరు ఒక్కటి మారితే సరిపోదు, సీసీ కూడా తేడా వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే ఎక్స్‌డీపీ 4.90కి ఎక్స్‌డీపీ 4.90యే వేయాలని తేల్చుకున్నాను. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలన్న కోరిక కూడా ఉంది.

ఇంకో సలహా కూడా వచ్చింది: కొత్త బ్లాక్ మీద నంబరు గీకేసి పాత నంబరు పంచ్ కొట్టించేస్తే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదని. ఇలాంటిది ఎవరు చెప్పినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది నేరం. బండి ఎప్పుడైనా యాక్సిడెంట్ కేసులో ఇరుక్కుంటే మన మెడకే చుట్టుకుంటుంది.

ఇంజన్ విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. కొనేముందు చూసినవి చెబుతాను. క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పితే ప్రతి సిలిండర్ దగ్గరా గట్టిగా ఎదురు తన్నాలి. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పించి బేరింగులు చూడాలి. వాటర్ పంపు తీయించి వాటర్ జాకెట్‌లోకి టార్చి వేసి చూడాలి, తుప్పు పొరలు పొరలుగా ఉంటే వదిలేయాలి. అన్నిటికన్నా ముఖ్యం నంబరు. థిన్నర్ గుడ్డతో తుడిచి చూడండి, ఎమెరీ పేపర్ వాడొద్దు. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉండాలి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు కనిపిస్తే ఆ ఇంజన్ ఎంత చవకైనా వద్దు.

బిల్లు విషయంలో మొహమాటపడొద్దు. "ఓల్డ్ ఇంజన్ ఒకటి" అని రాసిచ్చే బిల్లు ఎందుకూ పనికిరాదు. జీఎస్టీ నంబరున్న బిల్లు మీద ఇంజన్ నంబరు పూర్తిగా పడాలి. ఆ ఇంజన్ ఏ బండి నుంచి తీశారో దాని సి-బుక్ నకలు, రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం కూడా అడిగి తీసుకున్నాను. ఇంజన్ నంబరుతో దొంగబండ్ల రికార్డు చూసుకునే వీలు ఎన్‌సీఆర్‌బీ (కేంద్ర ప్రభుత్వ నేర రికార్డుల సంస్థ) ఇస్తోంది. డబ్బు కట్టకముందే చూసుకుని ఆ ప్రింటు ఫైల్లో పెట్టుకోండి.

చట్టం ప్రకారం ఇంజన్ మార్చిన 14 రోజుల్లోగా సి-బుక్ జతచేసి మనం ఉండే పరిధిలోని రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి. నేను ఇంజన్ దించకముందే ఆఫీసుకి వెళ్లి, దరఖాస్తుతో పాటు బిల్లు చూపించి, ఇదే రకం ఇంజన్ వేస్తున్నానని చెప్పి అనుమతి అడిగాను. దానివల్ల ఆ 14 రోజుల టెన్షన్ తప్పింది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా ముందే తీసుకోవాలి.

ఇక బిగింపు. చైన్ బ్లాక్‌ని షెడ్డు దూలానికి వేసి పాత ఇంజన్ దించాం. దించేముందే ప్రతి వైరుకీ, హోసుకీ మాస్కింగ్ టేపు అంటించి పేరు రాసి పెట్టాను. ఓపిక బాగా పట్టేది కొత్త ఇంజన్ని గేర్ బాక్స్‌తో కలిపేటప్పుడు. క్లచ్ ప్లేటుని మధ్యలోకి సరిచేయడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ వైపు వచ్చే గేర్ బాక్స్ కడ్డీ) ముక్క ఒకటి మేస్త్రి గారి దగ్గరుంది. దాన్ని ఆ కడ్డీ కొన కూర్చునే పైలట్ బేరింగ్ దాకా దూర్చి, ప్లేటు కదలకుండా ఉంచి, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. గేరులో పెట్టి, క్రాంక్ పుల్లీని చిన్నగా అటూ ఇటూ తిప్పుతూ నెడితే స్ప్లైన్లు (కడ్డీ మీది పళ్లు) కలిసి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్ బాక్స్ ముందు భాగం) దానంతటదే వచ్చి అతుక్కుంది. రానప్పుడు బోల్టులతో లాక్కోకూడదు, క్లచ్ ప్లేటు హబ్బు పాడవుతుంది.

క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగ్, ఇంజన్ మౌంటింగులు, హోసులు, థర్మోస్టాట్ అన్నీ కొత్తవి. డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించి వేశాం. బోరు నీళ్ల జోలికి పోకుండా డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోశాను. ఫిల్టర్ దగ్గరి చేతిపంపుతో గాలి తీసి, నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే కాసేపటికి బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చింది. నట్లు బిగించి, హీటర్ ప్లగ్గులు కాలాక కొడితే అందుకుంది. ఆ చప్పుడు వింటే కలిగిన ఆనందం పాత ప్యూజో ఇంజన్ ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇన్‌స్పెక్షన్‌కి ముందు ఛాసిస్ నంబరు ప్రింటు తీయడం ఒక పని. మా బండికి అది ఛాసిస్ రైలు మీద, పెయింటు, తుప్పు కింద ఉంది. పెయింట్ రిమూవర్ రాసి గుడ్డతో మెల్లగా తుడిచాను. అంకెల మీద మెత్తటి పెన్సిల్ పొడి రుద్ది, పారదర్శకమైన సెల్లోటేపు గట్టిగా అదిమి లాగితే నంబరు టేపు మీదకి వచ్చేస్తుంది. దాన్ని తెల్లకాగితం మీద అంటించాలి. 3 ఏదో 8 ఏదో తేడా తెలియాలి, తెలియకపోతే మళ్లీ తీయాలి. ఇంజన్ నంబరు ప్రింటు మాత్రం ఇంజన్ కిందున్నప్పుడే తీసుకోండి, ఫోటోలు కూడా. బిగించాక అక్కడికి చెయ్యి సరిగా పోదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి టార్చి, చిన్న అద్దం అందించాను. బ్లాక్ మీద నంబరు చదివి, బిల్లుతో, ప్రింటుతో సరిచూసుకుని, లైట్లు, బ్రేకులు కూడా చూసి సంతకం పెట్టారు.

మన డెల్టాలో ఇంజన్‌ని ఎత్తు మీద పరీక్షించాలంటే వంతెనలే దిక్కు. చించినాడ వంతెన ఎక్కేచోట నలుగురిని ఎక్కించుకుని మూడో గేరులో లాగించాను. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు, నల్లపొగ లేదు.

ఇన్సూరెన్స్ పాలసీలో పాత ఇంజన్ నంబరే ఉంది, మారిన సి-బుక్ నకలుతో ఎండార్స్‌మెంట్‌కి, అంటే పాలసీలో నంబరు మార్పించడానికి పంపాను. అది చేయకపోతే క్లెయిమ్ వేళ నంబరు తేడా మీద పేచీ వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా కొత్తగా తీసుకున్నాను. ఫ్లైవీల్ వైపు ఆయిల్ సీల్ దగ్గర కొంచెం చెమ్మ కనిపిస్తోంది. 500 కిలోమీటర్లకి మొదటి ఆయిల్ మార్చేటప్పుడు అది కారుడుగా మారిందో లేదో చూసి, మారితే గేర్ బాక్స్ మళ్లీ దించుతాం. ఈలోపు రేడియేటర్ విప్పి, ఉప్పునీళ్ల వల్ల లోపల పేరుకున్నదంతా పోయేలా రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించాలి.