గల్ఫ్ ఎండల్లో రాఫ్ట్ కాంక్రీటు: నా అనుభవం

గల్ఫ్‌లో సైట్ ఇంజనీరుకి టేపు, లెవెల్ మెషీన్ ఎంత ముఖ్యమో థర్మామీటరూ అంతే ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో రాఫ్ట్ (భవనం మొత్తం కింద ఒకే పలకలా వేసే మందమైన పునాది) పోయాలంటే మరీను. 25 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల మందం ఉన్న రాఫ్ట్‌ని ఉదాహరణగా తీసుకుని, నేను పాటించే పద్ధతి రాస్తున్నాను. మొత్తం 1,500 ఘనపు మీటర్లు. మొదలుపెట్టాక ఆపడానికి లేదు.

వేడి సమస్య ఎండతో వచ్చేది కొంతే. అసలు వేడి సిమెంటులోనే ఉంది. ఘనపు మీటరులో ప్రతి 100 కిలోల మామూలు సిమెంటుకి మందమైన కాంక్రీటు నడిమి భాగం సుమారు 12 డిగ్రీలు వేడెక్కుతుంది. 400 కిలోలు వేస్తే 48 డిగ్రీలు. 32 దగ్గర పోసింది 80కి చేరుతుంది. 70 దాటితే ఎట్రింజైట్ అనే స్ఫటికం అప్పుడే ఏర్పడకుండా, గట్టిపడ్డాక ఎప్పుడో తేమ తగిలి ఏర్పడి, కాంక్రీటుని లోపలినుంచి ఉబ్బించి పగలగొట్టే ప్రమాదం ఉంది. అందుకే సిమెంటులో 60 నుంచి 70 శాతం తీసేసి స్లాగ్ (ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) వాడతాం. అక్కడి భూగర్భజలంలో ఉండే ఉప్పు కమ్మీల దాకా చేరకుండా అడ్డుకునేదీ ఈ స్లాగే. కాకపోతే బలం నిదానంగా వస్తుంది. క్యూబ్ (నమూనా కాంక్రీటు దిమ్మ) బలపరీక్ష ఫలితాన్ని 28 రోజులకు కాక 56 రోజులకు చూడాలని కన్సల్టెంట్‌తో ముందే కాగితం మీద ఒప్పించుకోండి. తర్వాత అడిగితే సాకులా కనిపిస్తుంది.

పోసేటప్పుడు కాంక్రీటుకుండే వేడిని తగ్గించేది ఐసు. ఘనపు మీటరుకి నీళ్ల బదులు 70 కిలోల ఐసు వేస్తే దాదాపు 10 డిగ్రీలు దిగుతుంది. ఐసు కరగడానికే అంత వేడిని లాగేసుకుంటుంది. చల్లటి నీళ్లు ఎన్ని పోసినా ఆ పని జరగదు. పొరల ఐసే వాడాలి. గడ్డలు కరగకుండా మిగిలితే ఆ చోట కాంక్రీటులో బొరియ పడుతుంది. కంకర కుప్పలకు నీడ ఉందో లేదో కాంక్రీటు కలిపే ప్లాంటుకి (బ్యాచింగ్ ప్లాంటు) వెళ్లి కళ్లతో చూడాలి: కంకర 2 డిగ్రీలు తగ్గితే కాంక్రీటు 1 డిగ్రీ తగ్గుతుంది, సిమెంటయితే 8 డిగ్రీలు తగ్గాలి.

ఇక ట్రక్కుల లెక్క. గంటకి 40 ఘనపు మీటర్లు పోసే పంపులు మూడు, అంటే గంటకి 120. ట్రక్కు ప్లాంటు నుంచి వచ్చి, దించి, తిరిగి వెళ్లడానికి గంటన్నర పడితే, 9 ఘనపు మీటర్ల ట్రక్కులు 20 కావాలి. నాలుగు అదనంగా పెట్టండి. నాలుగో పంపు, రెండో బ్యాచింగ్ ప్లాంటు సిద్ధంగా లేకపోతే పోత మొదలుపెట్టడానికి నేను సంతకం పెట్టను. ట్రక్కు రాగానే టికెట్‌లో బ్యాచింగ్ (కాంక్రీటు కలిపిన) సమయం, తర్వాత వేడి, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) చూడాలి. బిగుసుకుందని డ్రైవరు నీళ్లు కలపబోతే వెనక్కి పంపేయడమే. పంపు ప్రైమింగ్ స్లర్రీని (గొట్టాలు జారుడుగా ఉండాలని ముందు పంపే సిమెంటు ద్రవాన్ని) రాఫ్ట్‌లో పడనివ్వొద్దు.

చాలామంది పప్పులో కాలేసేది పోసే క్రమం దగ్గర. అరమీటరు పొరని రాఫ్ట్ అంతటా పరిచి, మళ్లీ మొదటికి రావాలనుకుంటారు. ఒక్క పొరకే 375 ఘనపు మీటర్లు. తిరిగి వచ్చేసరికి మూడు గంటలు దాటుతుంది. ఆ వేడిలో కింది పొర అప్పటికే బిగుస్తుంది, పైది దానితో కలవదు, కోల్డ్ జాయింట్ (రెండు పొరల మధ్య అతుకు) ఖాయం. అందుకని ఒక చివర మొదలుపెట్టి మెట్లుగా ముందుకి జరగాలి. మెట్టు పొడవు 3 మీటర్లు, ఎత్తు అరమీటరు. ఇలా నాలుగు మెట్లకి 150 ఘనపు మీటర్లు, అంటే గంటం పావు. ఏ పొర అంచూ అంతకుమించి ఎదురుచూడదు. ఒక పంపు ఆగినా సమయం చాలేలా రిటార్డరు (కాంక్రీటు బిగుసుకోవడాన్ని ఆలస్యం చేసే మందు) మోతాదు పెట్టుకోవాలి. 60 మిల్లీమీటర్ల వైబ్రేటర్ సూదిని 45 సెంటీమీటర్లకు ఒకచోట నిలువుగా దించి, కింది పొరలోకి 15 సెంటీమీటర్లు పోనివ్వాలి. సూదితో కాంక్రీటుని పక్కకి తోయొద్దు. కంకర ఒకవైపు, సిమెంటు పాలు ఒకవైపు అయిపోతాయి.

సాయంత్రం 5కి మొదలుపెడితే తెల్లారి 5.30కి అవుతుంది. ఎండలో కాలిన కమ్మీలని ముందు తడిపి చల్లార్చాలి, అడుగున నీళ్లు నిలవకుండా తోడేయాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం, కాబట్టి కమ్మీల తనిఖీ పొద్దున్నే ముగించాలి. రాత్రి కదా అని మనుషుల సంగతి మరవకండి. తీరప్రాంతంలో రాత్రి ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రెండు జట్లు, చల్లటి నీళ్లు, ఉప్పు-చక్కెర పొడి ఉండాల్సిందే. ఎవరైనా తడబడుతూ మాట్లాడుతుంటే వెంటనే చల్లటి చోటికి తెచ్చి ఒళ్లు తడపాలి, అంబులెన్సుని పిలవాలి.

పోసిన తర్వాత జరిగే పెద్ద పొరపాటు, పైన చల్లటి నీళ్లు నిలబెట్టడం. నడుమ 65, పైన 40 అయితే 25 డిగ్రీల తేడా. 20 దాటితే పైభాగం లాగి చీలుతుంది. ముందు ప్లాస్టిక్ షీటుతో తడి ఆపి, దానిమీద దుప్పట్లో థర్మోకోల్ పలకలో కప్పి పైభాగాన్ని వెచ్చగా ఉంచాలి. అడుగున, నడుమ, పైనుంచి 5 సెంటీమీటర్ల లోతున థర్మోకపుల్స్ (వేడిని కొలిచే తీగలు) పెట్టి, మొదటి రెండు రోజులు గంటకోసారి రాయాలి. నడిమి వేడికీ బయటి గాలికీ తేడా 20 లోపుకి వచ్చాకే కప్పు తీయాలి. రెండు మీటర్ల మందానికి వారం పైనే పట్టొచ్చు. పై పని మొదలుపెడదామని తొందరపెట్టేవాళ్లకి ఆ రీడింగులే చూపిస్తాను.

డీవాటరింగ్ పంపులని (పునాది గుంతలోంచి నేలనీటిని తోడే పంపులని) మాత్రం ఆపనివ్వకండి. రాఫ్ట్ బరువు చదరపు మీటరుకి 5 టన్నులు. నేలనీరు రాఫ్ట్ అడుగుకంటే 5 మీటర్లు పైకి వస్తే, పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాలు) పట్టు లేని చోట ఆ బరువంతటినీ నీళ్లే మోసేస్తాయి. పైన ఎన్ని అంతస్తులు లేచాక పంపులు ఆపొచ్చో డిజైనర్ రాతపూర్వకంగా ఇవ్వాలి.