హెచ్‌ఈబీ వాళ్ల పండగ భోజనం

శాన్ ఆంటోనియోలో హెచ్‌ఈబీ అనే టెక్సాస్ కిరాణా స్టోర్ల కంపెనీ వాళ్లు పెట్టే ‘ఫీస్ట్ ఆఫ్ షేరింగ్’లో వడ్డనకి వెళ్లొచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి గానీ కడుపు నిండినంత తృప్తిగా ఉంది.

1989 నుంచి పండగ రోజుల్లో టెక్సాస్ ఊళ్లలో, సరిహద్దు దాటి మెక్సికోలో కూడా ఈ ఉచిత భోజనాలు పెడుతున్నారు. ఎవరైనా రావచ్చు. నీ సంపాదనెంత, కాగితాలున్నాయా అని అడగరు. పాటలు, పిల్లల గోల, వేడివేడి పళ్లేలు పట్టుకుని పరుగులు... మా ఊరి శ్రీరామనవమి పందిరే గుర్తొచ్చింది.

నాకు బాగా నచ్చింది స్టోర్ సిబ్బంది ఉత్సాహం. మాకు రోజూ బిల్లు కొట్టే ఆవిడ ఇద్దరు కూతుళ్లనీ వెంటబెట్టుకొచ్చింది. పక్క స్టోర్లవాళ్లు ఎదురుపడితే కౌగిలింతలు, ఫోటోలు. వాళ్లకిది డ్యూటీలా లేదు, ఇంట్లో వేడుకలా ఉంది.

అలా ఉండటానికి కారణం ఉందనుకుంటాను. 2015లో ఈ కంపెనీ ఉద్యోగులకి వాటాలిస్తామని ప్రకటించింది. పన్నుకి ముందు లాభంలో 5 శాతం సేవకి ఇవ్వడం అంతకు చాలా ముందు నుంచీ ఉంది. 1905లో కెర్‌విల్‌లో ఫ్లోరెన్స్ బట్ 60 డాలర్లతో పెట్టిన చిన్న కిరాణా కొట్టు ఇది. భర్తకి క్షయ, ఇంట్లో పిల్లలు. ఆవిడ తెగువకి దండం పెట్టాలి.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లూ, ఈసారి మీ ఊళ్లో జరిగితే వడ్డనకి పేరు ఇవ్వండి. పిల్లల్నీ తీసుకెళ్లండి.