డీజీ సర్టిఫికెట్ కోసం వెళ్తే ఒక 747 కథ మొత్తం చదివించారు

దుబాయ్‌లో కార్గో ఫార్వార్డింగ్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళకి డీజీ కోర్సు గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: విమానంలో పంపే ప్రమాదకరమైన సరుకుల మీద ట్రైనింగ్, చివర్లో పరీక్ష, పాసైనా రెండేళ్ళకోసారి రెన్యూవల్. నేను అప్పటిదాకా బుకింగ్‌లు, ఎయిర్ వే బిల్లులు చూసుకునేవాణ్ణి. సరుకు చెక్ చేసి తీసుకునే సెక్షన్‌కి మారాలంటే ఈ సర్టిఫికెట్ ఉండాల్సిందే అన్నారు, చేరాను.

విమాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ వేసే ఈ రూల్స్ పుస్తకం దిండంత లావు ఉంటుంది, ఏటా కొత్తది వస్తుంది. పరీక్షలో పుస్తకం చూసుకోవచ్చు, కానీ ఏ సరుకుకి ఏ పేజీ తీయాలో తెలియకపోతే టైమంతా పేజీలు తిప్పడానికే సరిపోతుంది. పెయింట్లు, పెర్ఫ్యూమ్‌లు, డ్రై ఐస్ వరకు బండి బాగానే నడిచింది. లిథియం బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి ట్రైనర్ పుస్తకం మూసేయమని, ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ జీసీఏఏ 2013లో బయటపెట్టిన ఒక దర్యాప్తు రిపోర్ట్ మా ముందు పెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక భాగం, చదివి క్లాసులో చెప్పాలి.

అది అమెరికా పార్సెల్ కంపెనీ యూపీఎస్ వాళ్ళ కార్గో విమానం, ఫ్లయిట్ 6, దుబాయ్‌లో కూలిపోయిన ప్రమాదం రిపోర్ట్. విమానం బోయింగ్ 747-400 ఫ్రైటర్, రిజిస్ట్రేషన్ ఎన్571యూపీ, 2007లో యూపీఎస్ చేతికి వచ్చింది. అంటే కూలిపోయేనాటికి మూడేళ్ళది, తిరిగింది సుమారు 10,000 గంటలు. కార్గో విమానాల్లో ఇది చాలా చిన్న వయసు, ముప్పై ఏళ్ళవి కూడా హాయిగా తిరుగుతుంటాయి. పాత విమానం కాబట్టి పోయిందిలే అనుకోవడానికి లేదు.

2010 సెప్టెంబర్ 3న హాంకాంగ్ నుంచి దుబాయ్ వచ్చి, సాయంత్రం జర్మనీలోని కొలోన్‌కి బయల్దేరింది. లోపల ఇద్దరే, కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్. సరుకులో 80 వేలకు పైగా లిథియం బ్యాటరీలు. హాంకాంగ్‌లో ఎక్కిన వాటిలో కనీసం మూడు షిప్‌మెంట్లను క్లాస్ 9 (లిథియం బ్యాటరీలు వచ్చే ప్రమాదకర సరుకుల తరగతి) కింద డిక్లేర్ చేయాల్సింది, చేయలేదు. టేకాఫ్ అయిన 22 నిమిషాలకి, 32 వేల అడుగుల ఎత్తులో, మెయిన్ డెక్‌లో ఫైర్ అని అలారం మోగింది. రెండున్నర నిమిషాలు తిరక్కుండానే సిస్టమ్స్ దెబ్బతినడం మొదలైంది.

నా వంతు వచ్చిన భాగం కాక్‌పిట్‌లో ఏం జరిగిందన్నది. పొగతో మీటర్లు కనబడటం మానేశాయి. కెప్టెన్‌కి ఆక్సిజన్ ఆగిపోయింది, వేరే ఆక్సిజన్ కోసం సీటు వదిలి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ తర్వాత దాదాపు 20 నిమిషాలు ఫస్ట్ ఆఫీసర్ ఒక్కడే. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చడానికి కూడా కనబడదు, కాబట్టి పైన వెళ్తున్న వేరే విమానాల వాళ్ళు ఇతని మాట బహ్రెయిన్ కంట్రోల్‌కి, వాళ్ళ మాట ఇతనికి చేరవేశారు. దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌కి వచ్చాడు గానీ ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ, దాటిపోయాడు. షార్జాకి వెళ్ళమని 095 డిగ్రీల దిశ చెబితే విమానంలో సెట్ అయింది 195. ఎడమకి తిరగాల్సింది కుడికి ఒరిగింది, కాసేపటికి నాద్ అల్ షెబా మిలిటరీ క్యాంప్ ప్రాంతంలో పడిపోయింది. ఇద్దరూ చనిపోయారు. పక్కనే సిలికాన్ ఒయాసిస్, నిండుగా జనం ఉండే చోటు, కింద ఎవరికీ ఏమీ కాలేదు.

క్లాసులో పెద్ద గొడవే అయింది. అలారం మోగినప్పుడు దోహా 100 నాటికల్ మైళ్ళలో ఉంది, దుబాయ్ అంతకంటే దూరం, ఎందుకు వెనక్కి వచ్చారని సగంమంది. నాకైతే అలా అనడానికి నోరు రాలేదు. ఆ క్షణానికి కెప్టెన్‌కి తెలిసింది ఒక లైట్ వెలగడమే. పైగా ఆ మెయిన్ డెక్‌లో మంట ఆర్పే మందే ఉండదు, గాలి ఒత్తిడి తీసేసి మంటకి ఆక్సిజన్ అందకుండా చేయడమే ఉన్న పద్ధతి. బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌ని అంటిస్తుంది, ఆ వేడి పుట్టించుకోవడానికి దానికి బయటి గాలితో పనే లేదు. కాబట్టి ఆపాల్సింది కింద, గోడౌన్‌లోనే అని నా అభిప్రాయం, దీని మీద ఇంకా వాదించేవాళ్ళు ఉన్నారు.

రూల్స్ కూడా అటే వెళ్ళాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలు ప్యాసింజర్ విమానంలో కార్గోగా ఎక్కవు, ఫ్రైటర్‌లో అయినా ఛార్జింగ్ 30 శాతం దాటకూడదు.

ఇక సరుకు ప్రమాదకరమైనదని షిప్పర్ రాసిచ్చే డిక్లరేషన్ నింపడం. రెండు పక్కలా ఎర్ర గీతల అంచు ఉన్న ఫారం. యూఎన్ 3480 (విడి లిథియం అయాన్ బ్యాటరీల నంబర్), క్లాస్ 9, ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 965, అన్నీ వరుస తప్పకుండా పడాలి. పైన రెండు గడులుంటాయి, ప్యాసింజర్ అండ్ కార్గో ఒకటి, కార్గో ఎయిర్‌క్రాఫ్ట్ ఓన్లీ ఇంకోటి, వర్తించని దాన్ని కొట్టేయాలి. ట్రైనర్ మాతో ఈ కొట్టివేత ఒక్కటే మళ్ళీ మళ్ళీ చేయించాడు, చిరాకొచ్చేంత. పరీక్షలో వచ్చిన పెద్ద ప్రశ్న అదే. టెన్షన్ పడ్డాను గానీ పాసయ్యాను.

కొత్త సీట్లో కూర్చున్న కొద్దిరోజులకే రిమోట్ కార్ల లోడ్ ఒకటి వచ్చింది, ఇన్‌వాయిస్‌లో ఉత్త ‘టాయ్స్’ అని ఉంది. బ్యాటరీలు భద్రతా పరీక్షలు పాసయ్యాయని చూపే టెస్ట్ సమ్మరీ అడిగి కూర్చున్నాను. గోడౌన్‌లో మన జగిత్యాల తమ్ముడు, ‘బొమ్మలే గదా అన్నా, గింత తిప్పలెందుకు?’ అన్నాడు. కార్టన్ విప్పిస్తే స్పేర్ బ్యాటరీలు కార్లతో లేవు, విడిగా నాలుగు కార్టన్లలో ఉన్నాయి. చివరికి షిప్పర్ పేపర్లు మార్చి సంతకం పెట్టాడు, బ్యాటరీలు నారింజ రంగు లేబుల్‌తో ఫ్రైటర్‌లో వెళ్ళాయి, కార్లు ప్యాసింజర్ ఫ్లయిట్‌లో వెళ్ళాయి. ఖర్చు పెరిగిందని ఆయన ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా సణుగుతూనే ఉంటాడు.