తాతయ్య జెండా, స్నేహితురాలి వెనెజువెలా

హ్యూస్టన్ పక్కన మేముండే కేటీలో, దక్షిణ అమెరికాలోని వెనెజువెలా నుంచి వచ్చినవాళ్లు ఎంతమందంటే, ఊరిని 'కేటీజువెలా' అనేవాళ్లు కూడా ఉన్నారు. చాలామంది చమురు పని మీద వచ్చినవాళ్లే. మా అమ్మాయి ప్రాణస్నేహితురాలిది అక్కడి మరకైబో నగరం. ఖమ్మంలో మా నాన్న మేడే నాడు ఇప్పటికీ ఎర్రజెండా ఎగరేస్తారు. వెనెజువెలా అధ్యక్షుడిగా చేసిన చావెజ్ గురించి, "పేదల మనిషి తల్లీ" అని ఫోన్లో మనవరాలికి చెబుతారు. ఆ స్నేహితురాలి ఇంట్లో ఆ పేరెత్తితేనే వాళ్లమ్మ లేచి వెళ్లిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఎవరి మాట నమ్మాలి?

తాతయ్య మాట కొట్టిపారేయకమ్మా అనే చెప్పాను. 1999లో చావెజ్ గద్దెనెక్కేనాటికి దేశంలో దాదాపు సగం మంది పేదలు. 2003 నుంచి క్యూబా డాక్టర్లు కొండవాలు బస్తీల్లోనే ఉండి వైద్యం చేశారు. చదువురాని పెద్దవాళ్లకు సర్కారు చదువు నేర్పించింది. చమురు ధర పెరిగినన్నాళ్లు పేదరికం నిజంగానే తగ్గింది.

కానీ ఆ డబ్బంతా వచ్చేది ఒక్క చమురు నుంచే. 2002 చివర్లో ప్రభుత్వ చమురు సంస్థలో సమ్మె జరిగితే, 18 వేల మందికి పైగా ఉద్యోగుల్ని తీసేశారు. బావుల గుట్టు తెలిసినవాళ్లు వాళ్లు. దీన్ని నేను ఏ సిద్ధాంతం పేరుతోనూ సమర్థించలేను. రోజుకు 30 లక్షల పీపాలు తోడిన దేశం 2020 నాటికి 10 లక్షలు కూడా తోడలేకపోయింది.

"ధర తక్కువ పెడితే మంచిదే కదమ్మా, అమ్మమ్మ రేషన్ బియ్యం తెచ్చుకునేదిగా?" అని అడిగింది మా అమ్మాయి. చాలా మంచి ప్రశ్న. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా సర్కారు భరించింది. వెనెజువెలాలో చాలా సరుకులకు తయారీ ఖర్చు కూడా రాని ధర కట్టి, ఆ తేడాను తయారుచేసేవాడి నెత్తినే వేశారు. వాడు మానుకున్నాడు. కొన్నాళ్లు దిగుమతులతో నెట్టుకొచ్చారు. 2014లో చమురు ధర పడేసరికి కొట్లు ఖాళీ.

స్నేహితురాలి అమ్మ అరెపాలు (మొక్కజొన్న పిండి రొట్టెలు) కాలుస్తూ మా అమ్మాయికి ఆ రోజుల గురించి చెప్పిందట. గుర్తింపు కార్డు చివరి అంకెను బట్టి కొట్టుకు వెళ్లే రోజు. తెల్లవారకముందే వరసలో నిలబడితే, తన వంతు వచ్చేసరికి మొక్కజొన్న పిండి అయిపోయేది. ఇక్కడ పిండికి కొదవలేదు, అయినా ఆవిడ వంటింటి అల్మరాలో ప్యాకెట్లు పైదాకా పేర్చి ఉంటాయి. 2018లో ఒక్క ఏడాదిలో అక్కడ ధరలు 1,300 రెట్లయ్యాయి, అదీ వాళ్ల కేంద్ర బ్యాంకు లెక్కే. 70 లక్షల మందికి పైగా దేశం వదిలారు.

మొన్న ఆదివారం తాతయ్య పట్టుకున్నారు: "మరి అమెరికా ఆంక్షల సంగతి చెప్పవేం తల్లీ?"

"చమురు మీద ఆంక్షలు 2019లో తాతయ్యా. వాటితో ఇంకా చితికిపోయారు. కానీ ఆంటీ వరసలో నిలబడింది 2015లో."

ఆయన చాలాసేపు వాదించారు. తర్వాత, ఆ సమ్మె సంగతి మొదట్నుంచి మళ్లీ చెప్పమన్నారు.