దారుణాలకు విశేషణాలు దిద్దే ఉద్యోగం

దుబాయ్‌లో నేను చేసిన పని ఏమిటో ఊళ్లో చెబితే సగం మందికి ఎక్కేది కాదు. బిల్డింగులు కట్టేవాళ్లు తెలుసు, ట్యాక్సీ నడిపేవాళ్లు తెలుసు. "వేరేవాళ్లు రాసిన ఇంగ్లీషు దిద్దుతాను" అంటే, "దానికి దుబాయ్ దాకా ఎందుకురా, మన ఇంగ్లీషు మాస్టారు ఊరికే దిద్దేవాడుగా" అన్నాడు మా పెదనాన్న.

ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసే డ్యూటీ. చుట్టూ మలయాళీలు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు; అందరి మీదా ఒక బ్రిటిష్ చీఫ్ సబ్. గల్ఫ్‌లో ఇంగ్లీషు పేపర్ చదివేవాళ్లలో మన ఉపఖండం వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇండియా, పాకిస్తాన్ వార్తలకు విడిగా పేజీలుండేవి. ఆ పేజీలకు వచ్చే సరుకు ఎలాంటిదో చెప్పక్కర్లేదు: బస్సు లోయలో పడింది, సూట్‌కేసులో శవం దొరికింది, సంతలో బాంబు పేలింది.

ఇండియా నుంచి స్ట్రింగర్లు, అంటే జీతం లేకుండా వార్తకింతని రాసే విలేకరులు, పంపే కాపీలో ఈ వార్తలన్నిటికీ ఒకే అలంకారం. ప్రమాదమైనా గ్రూసమ్, హత్యైనా గ్రూసమ్. దాడి అయితే తప్పనిసరిగా డాస్టర్డ్లీ, అంటే పిరికి, నీచమైన పని. ఈ రెండో మాట కనబడితే మా చీఫ్ సబ్ నవ్వు ఆపుకోలేకపోయేవాడు. మన నాయకుల సంతాప ప్రకటనల్లో అది గంభీరమైన మాట. ఆయన తరం ఇంగ్లీషువాళ్లకి మాత్రం 1968లో మొదలైన ఒక కార్టూన్ సీరియల్లో మీసాలు మెలేసే విలన్ పేరు. ఉగ్రవాద దాడి వార్తలో ఆ మీసాలు గుర్తొస్తే ఎలా?

గ్రూసమ్ మీద ఆయనకి వేరే అభ్యంతరం. ఆ మాట చూపు శరీరం మీద ఉంటుంది: గాయం, రక్తం, ఛిద్రమైన అవయవం. చూసినవాడికి ఒళ్లు జలదరించడమే దాని అర్థం. స్కాట్లాండ్ వైపు గ్రూ అంటే వణుకు. అక్కణ్ణించి వచ్చిన మాటని వాల్టర్ స్కాట్ తన రచనలతో ఇంగ్లీషంతటా పాకించాడు. హారిఫిక్ అలా కాదు. అది శవాన్ని చూపించదు, జరిగినదాని ముందు మనం నిర్ఘాంతపోవడాన్ని చెబుతుంది. అందుకే వందమంది పోయిన ప్రమాదం హారిఫిక్ అవుతుంది; కోర్టులో పోస్టుమార్టం డాక్టరు చెప్పే వివరాలు గ్రూసమ్ అవుతాయి.

నాకు ఇది వింతగా అనిపించలేదు. మన అలంకారశాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ ఏనాడో వేరు చేసింది. ఒకదానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచే భావం, భయం; రెండోదానికి జుగుప్స. ఇంగ్లీషు పేపరువాళ్లు ఆ గీతని రోజూ రాత్రి పదకొండింటికి, పేజీ వదిలే టెన్షన్‌లో, శాస్త్రం పేరెత్తకుండా పాటిస్తున్నారు, అంతే. మన తెలుగు పేపర్లకీ ఈ చెవి ఉంది. రోడ్డు ప్రమాదం "ఘోరం", హత్య "దారుణం". తారుమారు చేసి "ఘోర హత్య" అని పెట్టండి, తప్పేమీ లేదు గానీ ఎక్కడో తేడా కొడుతుంది.

హారర్ మాట పుట్టుక ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో దాని మూలానికి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అని అర్థం. మన హర్షం కూడా ఆ పాత మూలం నుంచి వచ్చిందే. "రోమహర్షణం"లో ఆ వెంట్రుకలు ఇంకా నిలబడే ఉన్నాయి. అదే ఒళ్లు పులకింతని వాళ్లు భయం వైపు తీసుకుపోయారు, మనం సంతోషం వైపు తెచ్చుకున్నాం.

గ్రిజ్లీ దగ్గర డెస్కులో అందరికీ కాలు జారేది. ఎస్ పెట్టి రాస్తే ఒళ్లు గగుర్పొడిచేది అని అర్థం. పోలీసులకి చెత్తకుండీలో తల దొరికితే వాడే మాట. రెండు జెడ్‌లు పెట్టి రాస్తే నెరిసిన వెంట్రుకలున్నది అని, అమెరికా ఎలుగుబంటి. పలకడం ఒక్కలాగే. జెడ్‌లు పడితే ఎలుగుబంటి చేసిన హత్య అవుతుంది. ఈ తికమక సబ్ ఎడిటర్లకే కాదు. 1815లో జార్జ్ ఆర్డ్ అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆ ఎలుగుకి లాటిన్‌లో హారిబిలిస్ అని పేరు పెట్టేశాడు. నెరిసిన జుట్టు పాపం ఎవరిది, భయంకరం అన్న బిరుదు ఎవరికి!

మకాబ్ర్ అన్న మాటకి రక్తం అవసరమే లేదు. చెక్ దేశంలో కుట్నా హోరా దగ్గర ఒక చర్చిలో మనిషి ఎముకలతో చేసిన షాండ్లియర్ వేలాడుతుంటుంది. దాన్ని చేయడానికి ఎవర్నీ చంపలేదు, పాత సమాధుల్లోని ఎముకలే. అక్కడ హారిఫిక్ అంటే అతకదు, గ్రూసమ్ అన్నా పూర్తిగా సరిపోదు. చావుతో అలంకారం చేయడం, చావుతో ఆడుకోవడం, అదీ మకాబ్ర్. లూరిడ్ అయితే అసలు సంఘటన గురించి కాదు, దాన్ని చప్పరిస్తూ చెప్పే తీరు గురించి. మన టీవీ క్రైమ్ షోలకి ఇంతకన్నా మంచి విశేషణం లేదని నా నమ్మకం. హేనస్ చూపు నేరం చేసినవాడి మీద, వాడి పాపం మీద. మనవాళ్లు దీన్ని హీనస్ అని పలుకుతారు. "హీనం" గుర్తొచ్చి అయుంటుంది, ఆ ఉచ్చారణ మీద నాకు ఇప్పటికీ అభిమానమే.

ఇవన్నీ ఆటలా అనిపించని రోజొకటి ఉంది. 2010 మే 22, శనివారం. దుబాయ్ నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం తెల్లవారుజామున మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి కాలిపోయింది. కొండ నెత్తిన కట్టిన రన్‌వే అది. 166 మందిలో 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. ఆ సరికి మా పేపరు అచ్చయిపోయింది. మధ్యాహ్నానికే అందరం డెస్కుకి చేరాం. నా పక్క సీటులో, మంగళూరుకి దగ్గర్లోని కాసరగోడ్ అబ్బాయి ఒక చెవికి ఫోన్ పెట్టుకునే ప్రయాణికుల జాబితా టైపు చేస్తున్నాడు. మధ్యమధ్యలో ఒక పేరు దగ్గర ఆగి ఊరి పేరు చూసుకునేవాడు.

ఏజెన్సీ కాపీల్లో, మాకు వచ్చిన కథనాల్లో పైన చెప్పిన మాటలన్నీ ఉన్నాయి. చీఫ్ సబ్ గ్రూసమ్‌నీ గ్రిజ్లీనీ ముందే కొట్టేశాడు. కారణం ఒక్క ముక్కలో చెప్పాడు: రేపు ఈ పేపర్‌ని దుబాయ్‌లో డేరా, కరామా పేటల్లో చదివేవాళ్లు ఆ శరీరాల తాలూకు మనుషులు. హారిఫిక్ ఉంచాలా వద్దా అని చాలాసేపు వాదన నడిచింది. ఉంచితే తప్పేమిటి, అది మన దిగ్భ్రాంతే కదా అన్నాను నేను. మన దిగ్భ్రాంతి వాళ్లకెందుకు అన్నాడు కాసరగోడ్ అబ్బాయి, జాబితా మీంచి తల ఎత్తకుండా. చివరికి హెడ్డింగులో అంకె ఉంది, ఊరి పేరు ఉంది. హారిఫిక్ లోపలి పేజీలో, తప్పించుకున్న ఒకాయన మాటల్లో ఉండిపోయింది. ఆయన అన్నాడు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మిగతా రోజుల్లో ఇవే మాటలు టీ దగ్గర ఇట్టే కరిగిపోయేవి. షార్జా ట్రాఫిక్ హారెండస్, క్యాంటీన్ కాఫీ డ్రెడ్‌ఫుల్, కొత్త కర్టెన్లు గాస్ట్లీ. పేజీ మీద ఒక్క అక్షరానికి పోట్లాడే మనిషి, కర్టెన్ల మీద అంత పెద్ద మాట విసిరేస్తాడు. ఇంగ్లీషువాళ్ల నోట్లో ఇది పాత అలవాటే: టెర్రిఫిక్ ఒకప్పుడు భయపెట్టేదే, ఇప్పుడు మెచ్చుకోలు. ఆఫుల్ ఒకప్పుడు భయభక్తులు పుట్టించేది, ఇప్పుడు చప్పటి సాంబారుకి సరిపోతోంది.

మనం వెనకబడ్డామా? మొన్న మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, కొత్త సినిమా "బీభత్సం మామా, అరాచకం" అన్నాడు. టికెట్ కొనమంటున్నాడో వద్దంటున్నాడో తేల్చుకోడానికి మళ్లీ నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది.