గోత్రం తెలియని డాక్టరు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, పలాస చుట్టూ కొబ్బరి, జీడి తోటల మధ్య ఉండే మా ఊళ్లలో క్రియాటినిన్ అనే మాట, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె, అక్షరం ముక్క రానివాళ్లకీ తెలుసు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్ని పరిశోధనలు జరిగినా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. అందుకే అమ్మకి ముఖం ఉబ్బి, అన్నం సయించక పరీక్షలు చేయిస్తే, 1 దగ్గర ఉండాల్సిన ఆ అంకె 9 దాటిందని వచ్చినప్పుడు మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

డయాలసిస్ తప్పదన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "మిషను ఎక్కించకండి. ఒక్కసారి ఎక్కితే ఇక వదలదు." మా వైపు ఎంతమంది ఈ మాట నమ్మి ఆలస్యంగా ఆస్పత్రికి చేరారో! మిషను వల్ల కిడ్నీలు పోవు, కిడ్నీలు పోయాకే మిషను. మావయ్య అయితే పసరు మందు ఇచ్చే ఆయన అడ్రసు కూడా కనుక్కుని వచ్చాడు. అమ్మ అంతా విని, "ముందు మిషను ఎక్కుతానురా తమ్ముడూ. అరసవల్లి మొక్కు సంగతి నేను చూసుకుంటాను" అంది. మావయ్య ఇంకేం మాట్లాడలేదు.

మొదట మెడ దగ్గర గొట్టం పెట్టి చేశారు. తర్వాత విశాఖపట్నంలో ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా వేశారు. అంటే ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుట్టేస్తారు. రక్తం ఉరవడికి ఆ సిర కొన్ని వారాల్లో లావెక్కి, గట్టిపడి, పెద్ద సూదులు గుచ్చడానికి పనికొస్తుంది. అప్పటిదాకా మెత్తటి బంతి పిసుకుతూ ఉండాలి. ఆ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, బరువులెత్తకూడదు. ఇవన్నీ అమ్మ తలూపి విన్నది. "బిగుతుగా ఉండే గాజులు కూడా వద్దమ్మా" అని నర్సు అనేసరికి మాత్రం మొహం మాడ్చుకుంది. నాన్న ఎదురుగా ఉండగా ఎడమచెయ్యి బోసిగా ఎలా ఉంచుకుంటానని పట్టు పట్టింది. చివరికి ఊళ్లో పంతులుగారు "గాజులన్నీ కుడిచేతికి వేసుకోమ్మా, ఏ దోషమూ లేదు" అన్నాకే తీసింది. పది మాటల కౌన్సెలింగ్ చెయ్యలేని పని ఆయన ఒక్క మాటతో అయిపోయింది.

ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే, గుప్పిట్లో తుమ్మెదని పట్టుకున్నట్టు లోపల జుమ్మంటుంది. అది ఆగిందంటే అడ్డు పడినట్టే, వెంటనే పరిగెత్తాలి. పొద్దున్నే దీపం పెట్టి, తూర్పుకి తిరిగి సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఆ వెంటనే మణికట్టు తడిమి చూసుకోవడం అమ్మకి అలవాటైపోయింది. ఆ రెండూ ఆమెకి ఒకే పూజ.

సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు. ఖర్చు ప్రభుత్వ పథకం చూసుకుంది. నేను పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ని. రక్తాన్ని వడకట్టే, మూరెడు కూడా లేని ఆ డయలైజర్ గొట్టంలో వెంట్రుకల్లాంటి బోలు తీగలు వేల సంఖ్యలో ఉంటాయి. లోపల రక్తం, బయట శుద్ధి చేసిన ద్రవం. ఒక్క విడతకి ఆ ద్రవమే దాదాపు 120 లీటర్లు కావాలి. ఒకరోజు ఆర్‌ఓ ప్లాంటు మొరాయించి అందరం సాయంత్రం దాకా టెన్షన్ పడుతూ కూర్చున్నాక గానీ, ఆ యూనిట్‌లో అసలు ప్రాణం మిషన్లలో కాదు, నీళ్లలో ఉందని తెలియలేదు.

అక్కడ కూర్చునే ఫోన్‌లో చదివి అమ్మకి కోల్ఫ్ కథ చెప్పాను. 1943లో నెదర్లాండ్స్ జర్మన్ల చేతిలో ఉండగా విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు, సాసేజ్‌ల పైపొరకి వాడే సెలోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకి చుట్టి ఈ యంత్రం చేశాడు. మొదట్లో రోగులు దాదాపు అందరూ పోయారు. ఆయన మానలేదు. 1945లో 67 ఏళ్ల ఒకావిడ స్పృహలోకి వచ్చి బతికింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఆదివారం శివాలయంలో మా అందరి పేర్లతోపాటు ఆయన పేరు కూడా చెప్పింది. "గోత్రం?" అన్నారు పంతులుగారు. "తెలీదండీ, డాక్టరు. హాలెండు." ఆయన తడుముకోకుండా కాశ్యప గోత్రం అనేశారు. ఆ డాక్టరు 2009లోనే పోయాడని నేను చెప్పలేదు.

ఓసారి మధ్యలో బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి అమ్మ కేక పెట్టింది. టెక్నీషియన్ మంచం తల వైపు దించి, సెలైన్ ఎక్కించి, మిషను ఒంట్లోంచి నీరు లాగడం ఆపాడు. అమ్మ కుడిచేతి కణుపుల మీద "సూర్యనారాయణా" అని లెక్కపెట్టుకుంటూనే ఉంది. బీపీని లేపింది సెలైనే. కానీ మళ్లీ బుధవారం ఆ మంచం ఎక్కడానికి సెలైన్ సరిపోదు. అంతా దేవుడి దయేనని ఆ కుర్రాడి శ్రమని తీసిపారేసేవాళ్లన్నా, సైన్సుండగా దేవుడెందుకని వెటకారం చేసేవాళ్లన్నా నాకు ఒకేలాంటి చిరాకు.

అసలు తిప్పలు ఇంట్లోనే. కొబ్బరి సీమలో పుట్టి కొబ్బరి నీళ్లు తాగకూడదు. అరటిపండు వద్దు. వాటిలో ఉండే పొటాషియం ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పలకరించడానికి వచ్చేవాళ్లేమో "చలవ చేస్తుంది" అంటూ బొండాలే తెస్తారు. గుడిలో ఇచ్చేవీ అవే. అమ్మ కళ్లకద్దుకుని నాకిచ్చేది. తీర్థం మాత్రం వదల్లేదు, ఆ ఉద్ధరిణెడు నీళ్లూ ఆ రోజుకి తాగనిచ్చే నీళ్ల కోటాలో తగ్గించుకునేది.

మొక్కు తీర్చడానికి అరసవల్లి ఆదివారమే వెళ్లాలంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ, ఒంట్లో నీరు చేరి ఆయాసం వచ్చేది అప్పుడే. డాక్టరుగారిని అడిగితే, నీళ్లు కొలిచి తాగితే వెళ్లొచ్చన్నారు. వెళ్లొచ్చాం. సోమవారం తూకం వేస్తే కిలోన్నరే పెరిగింది. "బాగా ఆపుకున్నావమ్మా" అన్నాడు టెక్నీషియన్. అమ్మ సంచిలోంచి పులిహోర పొట్లం తీసి, "ఉప్పని నేను ముట్టుకోలేదు, నువ్వు తిను బాబూ" అని ఎడమచెయ్యి చాపింది.