పచ్చగా పూసిందల్లా తంగేడు కాదు

వానలు తగ్గి నాలుగు ఎండలు కాసేసరికి కొండవీడు ఘాట్ రోడ్డు పక్కన, ఇటు కొండపల్లి ఖిల్లా దారిలో, మంగళగిరి కొండ చుట్టూ ఎక్కడ చూసినా పచ్చటి పూలే. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాళ్లందరూ కింద రాసే మాట ఒక్కటే, "తంగేడు పూలు". తీరా చూస్తే అందులో కసింద ఉంటుంది, పైడి తంగేడు ఉంటుంది, తగిరిస ఉంటుంది, ఒక్కోసారి రోడ్డు పక్కన నీడ కోసం నాటిన సీమ తంగేడు చెట్టు కూడా ఉంటుంది. ఫొటో వరకైతే పోనీలే అనుకోవచ్చు. కానీ షుగర్‌కి మంచిదని ఎవరో చెప్తే ఆ పూలు కోసుకొచ్చి ఎండబెట్టి టీ కాచుకునేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, అందుకే ఈ పోస్టు.

పువ్వు చూసి తేల్చేద్దామనుకోవద్దు. ఐదు పసుపు రేకులు, పొట్టీ పొడుగూ కలిపి పది కేసరాలు, ఈ గుంపులో దాదాపు అన్నిటికీ అంతే. తంగేడు పువ్వు దగ్గర కాసేపు నిలబడితే మాత్రం ఒక తమాషా కనిపిస్తుంది. అందులో తేనె ఉండదు. నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను పట్టుకుని జుయ్యిమంటూ ఒళ్లంతా అదిలిస్తే, వాటి కొసనున్న చిన్న రంధ్రంలోంచి పుప్పొడి బయటికి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పొడి దాని తిండికి, పొడుగు కేసరాల పొడి దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకి. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, కసిందా తగిరిసా కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి గుర్తుపట్టడానికి పనికిరాదు.

చూడాల్సింది ఆకు కాడ. తంగేడు రెమ్మ ఒకటి వంచి, కాడ కొమ్మకు అతుక్కునే చోట చూడండి, అక్కడ చెవి తమ్మెలా గుండ్రంగా పరుచుకున్న చిన్న ఆకు ఒకటి ఉంటుంది. పక్కన కాడ మీద ఎనిమిది నుంచి పన్నెండు జతల చిట్టాకులు, ప్రతి జత మధ్యా నిటారుగా నిలబడ్డ సన్నటి గ్రంథి, అంటే చిన్న బుడిపె. ఈ రెండూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. కాయ కూడా పల్చగా, కాగితంలా ఎండి గలగలమంటుంది. పశువులు పెద్దగా ముట్టుకోవు, మేపి మేపి బోడిగా చేసిన గుట్టల మీద కూడా ఇది నిలబడేది అందుకే. తోళ్లు పదును పెట్టడానికి వాడే తంగేడు చెక్క దీనిదే, తెలంగాణ రాష్ట్ర పుష్పమూ ఇదే.

కసిందకి నాలుగు నుంచి ఆరు జతలే, చిట్టాకుల కొసలు సూదిగా ఉంటాయి. గ్రంథి ఒక్కటే, కాడ మొదట్లో. ఆకు నలిపితే వచ్చే కంపు ఒకసారి పీలిస్తే మళ్లీ మర్చిపోరు. కాయ కాస్త పైకి వంగి, అంచులు లేత రంగులో ఉంటాయి. పైడి తంగేడు దీనికి మరీ దగ్గర చుట్టం, గ్రంథి అదే చోట ఉంటుంది, కానీ చిట్టాకులు సన్నగా, ఎక్కువ జతలుగా ఉంటాయి, కాయ ఉబ్బి దాదాపు గుండ్రటి గొట్టంలా ఉంటుంది. కాయ లేని రోజుల్లో ఈ రెంటి మధ్యా నాకూ టెన్షనే.

కసింద గురించి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా కొన్ని నెలలపాటు పల్లెల్లో చిన్నపిల్లలు వాంతులతో మొదలై స్పృహ తప్పి చనిపోతుంటే చాలాకాలం మెదడువాపు అనుకున్నారు. ఆడుకుంటూ కసింద గింజలు తినడమే కారణమని అక్కడి డాక్టర్లు 2007లో రాసేదాకా ఎవరూ ఆ మొక్కను అనుమానించలేదు. మన వీధి చివర ఖాళీ స్థలంలో వానాకాలం మొలిచేది కూడా ఆ మొక్కే.

సీమ తంగేడు చెట్టంత పెరుగుతుంది, ఆకు కాడ మీద గ్రంథులే ఉండవు, దాంతో గొడవ లేదు. పచారీ షాపులో అడిగితే నేల తంగేడు అని ఇచ్చేది మాత్రం సునాముఖి. ఆఫ్రికా, అరేబియా ఎడారి నేలల మొక్క, మన దేశంలో తిరునెల్వేలి వైపు పండిస్తారు. విరేచనాల మందు అది. పేరులో తంగేడు ఉంది కదా అని దాన్ని టీ కాచుకుంటే ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టుకోవాల్సిందే.

మిగిలింది తగిరిస, కొందరు తంటెం అంటారు. మూడు జతల చిట్టాకులు, కొసలు గుండ్రంగా, చీకటి పడగానే ముడుచుకుంటాయి. ఇందులోనూ అచ్చం ఇలాగే ఉండే రెండో జాతి ఒకటుంది. కింది రెండు జతల్లో ఒక్కోదాని మధ్యా ఒక్కో గ్రంథి ఉంటే తగిరిస, అన్నిటికంటే కింది జత దగ్గర మాత్రమే ఉంటే ఆ రెండోది. కాబట్టి ఈసారి నాకు ఫొటో పంపేవాళ్లు పువ్వు ఒక్కటే కాకుండా ఆకు కాడ మొదలుదీ, వీలైతే కాయదీ తీసి పంపండి.